నీ స్టైల్ ఏంది అని నన్ను అడగకుండ్రి

ఈ నడుమ ఎవరికి పెయింటింగ్స్ చూపెట్టినా ఒకటే మాట, "బాగున్నయి గని ఒక్క స్టైల్ పట్టుకో అన్నా, ఇన్‌స్టా పేజీ చూస్తె నలుగురు వేసినట్టుంది" అని. అరె భాయ్, ఉంటే ఏమైతది? నేనేమన్న షాపు పెట్టిన్నా బోర్డు మీద ఒకటే లోగో ఉండాలె అనడానికి? ఏమొస్తదో తెల్వకుండ మొదలుపెట్టుడే అబ్‌స్ట్రాక్ట్‌ల (ఫలానా బొమ్మ అని లేకుండ ఉత్త రంగులు, ఆకారాలతోని వేసుడుల) మజా, దాన్ని కూడ ఫార్ములా చేస్తె గోడలకు సున్నం వేసుకునుడే నయం.

నా సామాన్ల సగం హార్డ్‌వేర్ షాపువే. ఆర్ట్ షాపుల చిన్న ట్యూబు రేటు చూసినంక ఆటాడబుద్ది కాదు, చెయ్యి భయం భయంగ కదులుతది. అదే తెల్ల ఎమల్షన్ డబ్బా, అండ్ల రంగు కలిపే నాలుగు స్టైనర్ సీసలు, ఒక లప్పం బ్లేడు తెచ్చుకుంటె ఎంత పారబోసినా బాధ లేదు (స్టైనర్ మాత్రం ఎక్కువ పోయకుండ్రి, ఆరక సతాయిస్తది). అమెరికా పెయింటర్ జాక్సన్ పొల్లాక్ కూడ 1947 నుంచి క్యాన్వాస్ నేల మీద పరిచి, ఇండ్లకు వేసే ఎనామిల్ పెయింటే కట్టెలతోని చిలకరిచ్చిండు.

నాకు బాగ ఎక్కింది వైపర్ పని. హార్డ్‌బోర్డ్ మీద నీలం వేసి ఆరనియ్యాలె, పైన పసుపు, తెలుపు ముద్దలు పెట్టి వైపర్‌తోని ఈ చివర్నుంచి ఆ చివరిదాక గుంజాలె. ఒకకాడ నీలం సన్నగ చిట్లి బయటపడతది, ఇంకోకాడ పసుపు తెలుపు కలిసి మీగడ కట్టినట్టయితది, చెయ్యి జర ఆగిందా, అడ్డంగ ఒక గీత పడతది, ఒక్కోసారి ఆ గీతనే మొత్తం బొమ్మను నిలబెడతది. జర్మనీ పెయింటర్ గెర్హార్డ్ రిక్టర్ పెద్ద స్క్వీజీతోని (రంగు గుంజే పొడుగు పట్టీతోని) గుంజిండు, మనది బాత్రూం వైపర్, గంతే తేడా. మే నెలల మన వరంగల్ ఎండకు రంగు జల్ది బిగుసుకుంటది, పొద్దుగాల్నే చేయకపోతె గుంజుడు కాస్త గీకుడు అయితది. గీకుడు కూడ మంచిగనే ఉంటది, అది వేరే ముచ్చట.

పోరింగ్ (కప్పుల పల్చటి రంగులు కలిపి బోర్డు మీద పోసుడు) వీడియోలు కూడ చూసిన. సిలికాన్ ఆయిల్ చుక్కలేస్తె సెల్స్, అంటే బుడగల లెక్క గుండ్రటి మచ్చలు, వస్తయి, మస్తు కొడతది, గని అందరు అదే కప్పు, అదే తిప్పుడు, అదే "వావ్". ఏదన్న ఒకటి మార్చుండ్రి రా బాబు, పేపర్ మార్చుండ్రి, నీళ్ళు ఎక్కువ పోయుండ్రి.

ఇగ సుట్టాలు. "ఇది ఏం బొమ్మ?" అంటరు. మన వరంగల్ కొత్తవాడల నేసే షత్రంజీ మీద చారలు చూసి ఎవరన్న గట్ల అడిగిండ్రా? 2018ల దానికి జీఐ ట్యాగ్ (ఈ ఊరి సరుకు అని సర్కారు ఇచ్చే గుర్తింపు) కూడ వచ్చె, రంగులు మంచిగున్నయి అని కొనుక్కుంటం, పరుచుకోని కూసుంటం. బోర్డు మీదికి ఎక్కంగనే అర్థం కావాల్నా?

మన కరీంనగర్ జిల్లాల 1915ల పుట్టిన పెయింటర్ పి.టి. రెడ్డి మనుషులను వేసిండు, అబ్‌స్ట్రాక్ట్ వేసిండు, తర్వాత తంత్ర (యంత్రాలు, చక్రాల లాంటి గుర్తులతోని వేసే) బొమ్మల దిక్కు పోయిండు. అప్పుడు ఇన్‌స్టా ఉంటె గాయనకు కూడ "గ్రిడ్ మ్యాచ్ అయితలేదు సార్" అని కామెంట్ పెట్టెటోళ్ళు ఉంటుండె.

వచ్చే వారం నూలు దారం రంగుల ముంచి పేపర్ల నడుమకెల్లి గుంజి చూస్త. ఎట్లున్నా పెడత, నచ్చకపోతె అన్‌ఫాలో కొట్టుకోండ్రి.