రెండు నెలవంకల మధ్య లాభం

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ, ఎక్సెల్ గురించి తెలుసనుకున్నది ఎక్కువ. మొన్న శుక్రవారం రాత్రి టాలా స్టేడియంలో ఈ రెంటికీ కలిపి శాస్తి జరిగింది.

డబ్లిన్‌లో మా ఇల్లు ఆ స్టేడియానికి దగ్గర, అందుకని అక్కడ ఆడే షామ్‌రాక్ రోవర్స్ అనే ఐర్లాండ్ లీగ్ క్లబ్బు ఆటలకి వెళ్తుంటా. పక్క సీటు పెద్దాయన ఒకసారి "ఈ లీగ్‌లో గోల్స్ కన్నా అప్పుల కథలే ఎక్కువ" అన్నాడు. నిజమే, 2006లో లీగ్ గెలిచిన షెల్‌బోర్న్ క్లబ్బుని డబ్బు ఇబ్బందుల వల్ల మరుసటి ఏడాదే కింది డివిజన్‌కి దించేశారు. 2010లో కార్క్ సిటీని నడిపే కంపెనీ మూతపడితే అభిమానులే పూనుకుని క్లబ్బుని నిలబెట్టారు. 2012లో మొనహన్ యునైటెడ్ సీజన్ మధ్యలోనే కాడి కింద పడేసింది. ఇవన్నీ విన్నాక నా చేతులు ఊరుకుంటాయా? అన్ని క్లబ్బుల లెక్కలూ పక్కపక్కన పెట్టి ఎవరి దగ్గర డబ్బుందో తేల్చేద్దామని కూర్చున్నా.

క్లబ్బులు నడిపే కంపెనీలు ఏటా ప్రభుత్వానికి సమర్పించే లెక్కల కాగితాలు, ఒక్కోటి 2.50 యూరోల చొప్పున తొమ్మిది కొన్నా, మొత్తం 22.50. డెర్రీ సిటీ ఊరేమో పౌండ్లు చెల్లే ఉత్తర ఐర్లాండ్‌లో, 1985 నుంచి ఆటేమో ఈ లీగ్‌లో. ఆ గొడవ నాకెందుకని వదిలేశా.

తీరా తెరిస్తే ఏముంది? చిన్న కంపెనీలకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉందట, లాభనష్టాల ఖాతా బయటపెట్టక్కర్లేదు, కుదించిన బాలన్స్ షీట్, అంటే ఆస్తుల, అప్పుల పట్టీ ఇస్తే చాలు. టికెట్ల మీద ఎంతొచ్చింది, ఆటగాళ్ల జీతాలకి ఎంత పోయింది, ఏమీ ఉండదు. పెళ్లి భోజనానికి పిలిచి ఖాళీ విస్తరి చూపించినట్టు. పైగా అన్నీ స్కాన్ చేసిన బొమ్మలు, కాపీ చేద్దామంటే అక్షరం కదలదు. అడుగున ఒక్క లైను మాత్రం కనిపించింది, 'ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్'. దొరికిందిరా అనుకుని చేత్తో కొట్టుకుంటూ పోయా.

ఒక క్లబ్బు దగ్గర ఆ అంకెకి అటొక నెలవంక, ఇటొక నెలవంక. చిన్నప్పుడు 'సరైన జవాబును బ్రాకెట్లో రాయుము' అని చదువుకున్న ప్రాణం కదా, బ్రాకెట్లో ఉంటే అదే సరైనదనుకున్నా. నెలవంకలు తీసేసి అంకె ఎక్కించా. ఆ క్లబ్బు ఎగిరి మొదటి స్థానంలో కూర్చుంది. పచ్చరంగు కూడా వేశా. మంగళవారం రాత్రే మా తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేశా.

శుక్రవారం ఇంటర్వెల్‌లో పెద్దాయనకి ఫోన్ చూపించి, "లాభాల్లో వీళ్లే నంబర్ వన్" అన్నా, కాస్త గట్టిగానే. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. ఆయన కళ్లద్దాలు తీశాడు. మెడలో ఆకుపచ్చ మఫ్లర్ కొసతో ఒక అద్దం తుడిచాడు. రెండోది తుడిచాడు. పెట్టుకున్నాడు. స్క్రీన్ పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. అసలు కాగితం ఉందా అన్నాడు, తెరిచిచ్చా. ఈలోపు నేను చిప్స్ తింటూ మెచ్చుకోలు కోసం మొహం రెడీగా పెట్టుకున్నా, కొత్త అల్లుడిలా. ఆయన చూపుడువేలు నెలవంక మీద ఆగింది. "ఇది నష్టం" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, "ఈ ఒక్క ఏడాదిది కాదు, మొదట్నుంచీ పోగైంది." రిటైరైన అకౌంటెంట్ అట. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!

అయినా మైనస్ గుర్తు పెడితే వీళ్ల సొమ్మేం పోయింది?

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, గుంటూరులో బి.కాం. చేసిన మనిషి, "పక్కనే ఉన్నాగా, నన్నొక్క మాట అడగొచ్చుగా అండీ" అంది. ఆగి, "ఆ 22.50 కూడా బ్రాకెట్లో రాసుకోండి" అంది.

గ్రూపులో నా మెసేజ్ కింద ఇంకా బొటనవేళ్లు పడుతూనే ఉన్నాయి. డిలీట్ చేద్దామంటే టైమ్ దాటిపోయిందట.