కుక్క కంచంపై ఒక శ్వేతపత్రం

దేశంలో తేలని సమస్యలు చాలా ఉన్నాయి. వాటిలో దేని మీదా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాటాక వాయిస్ మెసేజ్‌లు రావు. కుక్కకు ప్యాకెట్ గింజలు పొయ్యాలా, వండి పెట్టాలా అన్నదాని మీద మాత్రం వస్తాయి. కాబట్టి ముందు దీన్ని తేల్చడమే బాధ్యత గల పౌరుల కర్తవ్యం. మూడు రోజుల నాటి సాంబారు వేడిచేసుకుని తినే ఇళ్ళలోనే కుక్కకు తాజా ఆహారం కావాలన్న పట్టుదల ఎక్కువ. మన త్యాగగుణానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ముందుగా ప్యాకెట్ పార్టీ. దీనికి చరిత్ర ఉంది. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. రేవులో కుక్కలు ఓడవాళ్ళు పారేసిన గట్టి బిస్కెట్లు కొరుకుతుంటే చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఇప్పటి గింజల పద్ధతి 1957లో ప్యూరినా అనే కుక్కల తిండి కంపెనీతో ఊపందుకుంది. పిండిని వేడి మీద, ఒత్తిడి మీద చిన్న రంధ్రంలోంచి నెడితే బయటికి రాగానే ఉబ్బుతుంది. మన పిల్లలు నమిలే మొక్కజొన్న పఫ్‌లు కూడా అలాగే పుడతాయి. పిల్లలకు అవి 'చెత్త తిండి', కుక్కకు మాత్రం 'సంపూర్ణ సమతుల ఆహారం'. ఈ పార్టీ పెద్దల వివరాలు కూడా గౌరవప్రదమైనవే. ప్యూరినా మ్యాగీ చేసే నెస్లేది. హిల్స్ బ్రాండు టూత్‌పేస్టు చేసే కోల్గేట్ వాళ్ళది. పెడిగ్రీ చాక్లెట్ల మార్స్ కంపెనీది. చాక్లెట్ కుక్కలకు విషం కనుక, ఏది ఎవరికి పెట్టాలో వాళ్ళకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

వంటింటి పార్టీ సిద్ధాంతం ఇంకా లోతైనది. కుక్క అంటే తోడేలు అంటారు వీళ్ళు. లిఫ్ట్ చప్పుడుకి సోఫా కింద దూరే పగ్ కూడా తోడేలే. తోడేలు చికెన్‌కు పసుపు పట్టించి, కుక్కర్‌లో మూడు విజిల్స్ వచ్చాక, చల్లార్చి, పైన చెంచాడు కొబ్బరినూనె వేసుకుని తిన్న దాఖలాలు అడవిశాఖ దగ్గర లేకపోవచ్చు. అది శాఖ నిర్లక్ష్యం. పైగా 2013లో శాస్త్రవేత్తలు జన్యువులు చూసి, మనిషి పక్కన బతికి బతికి కుక్కలు పిండిపదార్థం అరిగించుకోవడం తోడేళ్ళ కన్నా బాగా నేర్చాయని చెప్పారు. పెరుగన్నం పెట్టే మా పెద్దమ్మగారు ఏ జర్నలూ చదవకుండానే ఆ ముక్క అనేవారు. "మా ఊరి కుక్కలు ఇది తినే పద్నాలుగేళ్ళు బతికాయి" అని కూడా అనేవారు. బతకని కుక్కలు సాక్ష్యానికి రాలేదు.

అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు కుక్కలకు ఇంట్లో వండే 200 వంటకాలను లెక్కగట్టారు. వాటిలో 95 శాతానికి కనీసం ఒక పోషకమైనా తక్కువైంది. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, క్యాల్షియం దాదాపు ఉండదు. ఎదిగే కూనకు ఉట్టి చికెన్, అన్నం పెడుతూ పోతే ఎముకలు వంగుతాయి. పోనీ ఎముకలే పెడదామంటే, ఉడికిన ఎముక పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్షలో మూత్రపిండాలను దెబ్బతీసేది టార్టారిక్ ఆమ్లమే కావచ్చని ఈమధ్య అనుమానిస్తున్నారు, అది మన చింతపండులో కూడా బోలెడంత. అంటే మిగిలిన ఆ సాంబారు మనమే తినక తప్పదు.

ఇలా రెండు పక్షాలూ సమఉజ్జీలుగా ఉండగా ఒక మధ్యవర్తి దొరికాడు, పశువుల డాక్టరు. మా బ్లాకులో చెరో పార్టీకి చెందిన ఇద్దరు మహిళలు తమ లాబ్రడార్లను ఒకేరోజు ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన రెండింటి పక్కలూ తడిమి, "పక్కటెముకలు చేతికి తగలాలమ్మా, నాకు దిండు తగులుతోంది. ఏది పెట్టినా సరే, పావు వంతు తగ్గించండి" అన్నాడట. ఆయన చెప్పిన దానికి ఆధారం కూడా ఉంది. ప్యూరినా వాళ్ళే 48 లాబ్రడార్ కూనలను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి పావు వంతు తక్కువ పెడుతూ జీవితాంతం చూశారు. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్ళు, మిగతావి 11 ఏళ్ళ చిల్లర బతికాయని 2002లో ప్రకటించారు. తిండి అమ్ముకునే కంపెనీ తక్కువ తినమని తేల్చడం వ్యాపార చరిత్రలో అరుదైన ఘట్టం. దాన్ని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేయడం మర్చిపోయి ఉంటారు.

ఆ రాత్రి గ్రూపులో మొదటిసారి రెండు పార్టీలూ ఏకమయ్యాయి. నోరులేని జీవి కడుపు మాడ్చమనే డాక్టరుకు మనసు లేదని ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఇంకో డాక్టరు నంబరు ఉంటే షేర్ చేయమని అడ్మిన్ కోరారు. పదకొండు లోపు ఏడు నంబర్లు వచ్చాయి.