కుదుపు లేని భూమికి ఒక ఫిర్యాదు

తల్లీ భూదేవీ,

అనంతపురం నుంచి నమస్కారం. నీ మీద మాకు ఉన్నది ఒకటే ఫిర్యాదు. ఇంత పని చేస్తావు, ఒక్కరికీ కనపడనియ్యవు.

మా పక్క ప్రయాణమంటే ఒళ్ళు హూనం కావాల. గుంతలో చక్రం పడాల, నెత్తి కడ్డీకి కొట్టుకోవాల, పక్కనాయన క్యారియర్‌లో సాంబారు మన చొక్కా మీదికి రావాల. అప్పుడే "అబ్బ, ఎంత దూరమొచ్చినామప్పా" అనిపిస్తుంది. నువ్వేమో సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పోతావు. ఆ లెక్కన ఇక్కడినుంచి కడపకు నేరుగా ఐదు సెకన్లు కూడా పట్టదు. బస్సుకైతే ఒక పూట. అంత వేగంలోనూ చెంబులో నీళ్ళు తొణకవు. సాఫీగా పోయే వేగం ఒంటికి తెలియదనీ, గాలిని కూడా వెంటబెట్టుకునే తిరుగుతావనీ సైన్సు సారు చెప్తాడు. నేను తప్పంటున్నదే అది. మధ్యలో ఒక్క బ్రేకు వేసుంటే నీకు ఎప్పుడో పేరొచ్చేది.

క్రీ.శ. 499లోనే నీ చుట్టూ నువ్వే తిరుగుతున్నావని ఆర్యభటుడు రాసినాడు. 628లో బ్రహ్మగుప్తుడంతటివాడు, అట్లయితే ఎత్తయినవి ఎందుకు కూలిపోవని అడిగినాడు. ఆయనకూ కుదుపే కావాల్సొచ్చింది!

పోనీ, తీసుకునేదన్నా గట్టిగా తీసుకుంటావా? నీ తిరుగుడు వల్ల ఇక్కడ వస్తువుల బరువు వెయ్యికి మూడు పాళ్ళు తగ్గుతుందంట. నలభై కిలోల శెనక్కాయ మూటకు 130 గ్రాములు. అదొక తరుగా తల్లీ! మార్కెట్లో మండీ ఆయన మూట విప్పకముందే దుమ్ముకింత, తేమకింత, గోనెసంచికింత, చివరికి మామూలుకింత అని కిలోల్లో కోస్తాడు. నువ్వు కాయకూ తూకం రాయికీ ఒకే లెక్కన తగ్గిస్తావు. రెండూ తగ్గితే తక్కెడ ఎటు మొగ్గుతుంది? రైతుకు రూపాయి నష్టం లేకుండా తరుగు తీసేదాన్ని నిన్నే చూసినా. ఒక సీజను మండీలో గుమాస్తాగా చేరు, బుద్ధి వస్తుంది.

వేగం పంచడంలోనూ ఇదే గుట్టు. మాకు గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల తిరుగుడిచ్చి, కడపకు ఇంకో ఒకటిన్నర కలిపినావు, కర్నూలుకు తొమ్మిది కోసినావు. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ తక్కువంట. ఇదే పని ఎవరన్నా జీవో ఇచ్చి చేసుంటే జిల్లాలన్నీ బందు. (1956లో రాజధాని పోయిన బాధే ఇంకా తీరలేదు, ఈ తొమ్మిది సంగతి కర్నూలోళ్ళకు నువ్వే చెప్పుకో.)

తిట్లు మాత్రం సరిగ్గా పడవు. మే నెల రాగానే, సూర్యుడికి దగ్గరగా పోయినావని అందరూ నిన్ను ఆడిపోసుకుంటారు. నువ్వు దగ్గరయ్యేది జనవరి మొదట్లో, 14.7 కోట్ల కిలోమీటర్లకు. జులై మొదట్లో 15.2 కోట్లకు జరిగిపోతావు. మమ్మల్ని వేయించేది 23.4 డిగ్రీల నీ వాలు. ఆ వాలు వల్లే ఏప్రిల్ చివర్లో ఒకనాడు పన్నెండుంబావు దాటగానే సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొచ్చి ఇక్కడ కరెంటు స్తంభానికి నీడే ఉండదు. చేయని నేరానికి తిట్లు తింటూ చేసింది దాచుకున్నావు.

చంద్రుడు ఆటుపోట్లతో పట్టి లాగుతుంటే నూరేళ్ళకు నీ రోజు రెండు మిల్లీసెకన్లలోపు సాగుతుంది. నీతో సరితూగాలని 1972 నుంచి 27 సార్లు గడియారాలకు సెకను కలిపినారు, చివరిసారి 2016 డిసెంబరు 31న. 2035 నాటికి అదీ మానేస్తారంట. మా బస్టాండులో రెండు గంటలు ఆలస్యమైనా మైకులో గొంతు మారదు, నేర్చుకో.

కాబట్టి ఏడాదికొకసారి చిన్న కుదుపు ఇవ్వు. భూకంపం వద్దు, అది లోపలి పలకల పని, నీ తిరుగుడు ఖాతాలోకి రాదు. తేదీ మాత్రం ముందే చెప్పు. కుదుపు తమ హయాంలోనే వచ్చిందని ఇద్దరు నాయకులు ఇప్పటికే ఫ్లెక్సీలు కొట్టించి పెట్టుకున్నారు.

ఇట్లు,
ఎట్లా తిప్పితే అట్లా తిరుగుతున్న
అనంతపురం ప్రయాణికుడు