ఒక మగ్గు తక్కువ

అల్వాల్‌లో ఉండే మా బాబాయి సైన్యంలో పదిహేడేళ్లు స్టోర్‌కీపరుగా పనిచేసి, హవల్దారుగా విరమించిన మనిషి. ఇంట్లో ఏ డబ్బా మూత కనిపించకపోయినా ఆయన వెతకరు. చివరిసారి దాన్ని ఎవరు తీసుకున్నారో, సంతకం ఎక్కడుందో అడుగుతారు. కాపురానికి వచ్చింది మొదలు ఏ మూతకూ సంతకం పెట్టి ఎరగని మా పిన్ని, ఆ గిన్నె మీద పళ్లెం బోర్లించి తన పని తాను చూసుకుంటుంది.

ఈ అలవాటుకు మూలం 1971 యుద్ధం. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16వ తేదీకల్లా ఢాకాలో ముగిసిందనీ, తమ డిపోలో మాత్రం దాని లెక్కలు మరుసటి వేసవి దాకా సాగాయనీ బాబాయి చెబుతారు. లొంగిపోయిన 93 వేల మందిని లెక్కపెట్టడం సులువేనట, వాళ్లు వరుసలో నిలబడతారు. దుప్పట్లూ, బూట్లూ, మగ్గులూ నిలబడవు. లెడ్జరులో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ సరిపోవాలి. ఆయన చూసే అరలో ఒక ఎనామిల్ మగ్గు తక్కువైంది. అధికారుల బోర్డు కూర్చుని, వాంగ్మూలాలు రాయించుకుని, చివరకు దాని ఖరీదు ఆయన జీతంలో కోత పెట్టింది. మగ్గు కన్నా దాని గురించి వాడిన కాగితాలకే ఎక్కువ ఖర్చయి ఉంటుందని నేనంటే, కాగితాలకు వేరే లెడ్జరు ఉంటుందని గంభీరంగా జవాబిచ్చారు.

పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు, కంప్యూటరు తెర మీద పిన్ని పుట్టిన ఏడు 1952కు బదులు 1925 అని కనిపించింది. పెళ్లి వివరాలు పార్ట్ టూ ఆర్డరు (సైనికుడి సొంత వివరాల్లో మార్పులు నమోదు చేసే ఉత్తర్వు) మీదుగా సర్వీసు రికార్డుకు ఎక్కే దారిలో ఎక్కడో ఆ రెండు అంకెలూ చోట్లు మార్చుకున్నాయి. రికార్డు ప్రకారం పిన్నికి నూరేళ్లు నిండిపోయాయి. 80 ఏళ్లు దాటితే మూల పింఛను మీద 20 శాతం, నూరు దాటితే నూటికి నూరు శాతం అదనంగా వస్తుందనీ, కుటుంబ పింఛనుకూ ఇదే నియమమనీ తెలియగానే, తప్పు దిద్దించడానికి తొందరేముందని పిన్ని అడిగింది. ఆ డబ్బు నీకు అందాలంటే ముందు నేను పోవాలి కదా అని బాబాయి గుర్తుచేశారు. జవాబివ్వడానికి పిన్ని తీసుకున్న వ్యవధి ఆయనకు నచ్చలేదు.

దిద్దుబాటుకు డిశ్చార్జి బుక్కు కావాలి. అటక మీది నల్ల ట్రంకు పెట్టె దింపి, గొంగళి మడత విప్పగా పుస్తకంతో పాటు ఒక ఎనామిల్ మగ్గు కూడా బయటపడింది. అందులో గడ్డం గీసుకునే బ్రష్షు ఉంది. బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. డబ్బు కట్టేశారు కాబట్టి అది మనదేనని పిన్ని తీర్పు చెప్పింది. కాదట; కోత పడింది పోయినందుకు, దొరికింది మిగులు కిందికి వస్తుంది, మిగులును తిరిగి జమకట్టాలి. ఆ రాత్రే రెండు అర్జీలు తయారయ్యాయి, పిన్ని వయసుకు ఒకటి, మగ్గుకు ఒకటి. (మగ్గు అర్జీయే పొడవు.)

మర్నాడు నా బండి వెనక కూర్చుని, మగ్గును ఒళ్లో పెట్టుకుని వచ్చారు. కౌంటరులోని కుర్రవాడు పిన్ని అర్జీ తీసుకుని రసీదు ఇచ్చాడు. రెండోది చదివి, మగ్గు వంక, బాబాయి వంక, నా వంక చూసి, అప్పటికి మా నాన్నకు పెళ్లి కూడా కాలేదు సార్ అన్నాడు.

మగ్గు ఇప్పుడు బియ్యం డబ్బాలో ఉంది. దాన్ని తాత్కాలిక ఇష్యూగా ఒక నోటుపుస్తకంలో రాసి, బాబాయి పిన్నిని సంతకం పెట్టమన్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి పిన్ని మారుమాట్లాడకుండా పెట్టింది. పక్కన పుట్టిన ఏడు 1925 అని కూడా వేసింది.