‘ఏం కాదులే అన్నా’ అన్న చోట చక్రం బిగించుకోవద్దు

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున ఏడున్నరకు మా డ్రైవర్ మామ ఫోన్ చేశాడు. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని మదనపల్లెకు పోతున్న మా లారీ. కడప దాటి, ఘాటు ఎక్కి, గువ్వలచెరువులో కోవా అంగళ్ల దగ్గర ఆపాడు. "అబ్బీ, ఎడమపక్క వెనక చక్రం నట్లు చేతికే తిరుగుతాండాయి. నువ్వు రా" అన్నాడు. ఆయన గొంతులో వణుకు నేను ఇరవై ఏళ్లలో ఎప్పుడూ వినలేదు.

బైకు మీద పోయి చూశాను. చక్రాన్ని హబ్బుకు, అంటే ఇరుసు చివరి దిమ్మెకు, పట్టి ఉంచే పది స్టడ్లలో (నట్లు ఎక్కే బోల్టుల్లో) మూడు విరిగిపోయి, మొండి ముక్కలు హబ్బులో మిగిలాయి. నాలుగు నట్లు వేళ్లతో తిప్పితే తిరుగుతున్నాయి. ఇరవై ఎనిమిది టన్నుల బండి వెనక చక్రాన్ని పట్టుకుని ఉన్నవి మిగిలిన మూడే. ఒక్కో నట్టు దగ్గర నుంచి గోధుమరంగు చారలు, తుప్పు నీళ్లు కారి ఎండినట్టు, బయటికి పాకి ఉన్నాయి. స్టడ్లు దూరే చక్రం డిస్కుకు గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోడిగుడ్డులా సాగాయి. వేలు పెడితే మెత్తటి ఇనుప పొడి అంటుకుంది. వంపుల్లో సీటు కింద చిన్న అదురు తగిలిందని మామ బండి ఆపాడు. ఆపకుండా మదనపల్లె దాకా పోయి, తిరుగు ప్రయాణంలో ఆ ఘాటు దిగేటప్పుడు ఆ చక్రాలు ఊడి ఉంటే? ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, ఎదురుగా రాయచోటి నుంచి వచ్చే బస్సులు.

అంతకు ముందు రోజు సాయంత్రమే వెనక పక్కపక్కనే ఉండే ఆ చక్రాల జతకు కొత్త టైర్లు వేయించాను. కడప బయట ఒక షాపులో. పేరు రాయను, గొడవ నాకొద్దు. పిల్లోడు ఎయిర్ గన్నుతో టకటకా కొట్టి లేచాడు. "చేత్తో ఒకసారి పానా పట్టి చూడు నాయనా" అన్నాను. లోపలి నుంచి ఓనరు "ఏం కాదులే అన్నా, గన్నుతో కొట్టినాం కదా" అన్నాడు. చీకటి పడుతోంది, లోడింగుకు టైమవుతోంది. నేనూ సరేనని వచ్చేశాను. అక్కడ నిలబడి పట్టుబట్టి ఉండాల్సింది. ఆ రాత్రి మామను నమ్మించి ఆ బండి ఎక్కించింది నేనే. ఆ బాధ ఇంకా పోలేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత ఇంకో మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. కొత్త టైరుకు అందంగా ఉంటుందని షాపువాళ్లు డిస్కుకు ఎర్ర పెయింటు మందంగా కొట్టారు. కింద తుప్పు గీకలేదు, పైన పెయింటు ఆరనివ్వలేదు. డిస్కూ హబ్బూ ఇనుముకు ఇనుము గట్టిగా అంటుకోవాలి, ఆ ఒత్తిడే చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. మధ్యలో పెయింటు పొర, తుప్పు పొర ఉంటే బండి నడిచేకొద్దీ అవి నలిగి పలచబడతాయి. అంత మందం తగ్గితే నట్టు పట్టు పోయినట్టే. ఆ తర్వాత చక్రం హబ్బు మీద సన్నగా జరుగుతూ స్టడ్లను కోసేస్తుంది. గన్నుతో ఎంత కొట్టినా లాభం లేదు. పైగా గన్ను బలం కంప్రెసర్‌లో గాలిని బట్టి మారుతుంది. ఒక నట్టు వదులు, ఒక నట్టు స్టడ్డు సాగిపోయేంత గట్టి. అందుకే ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించాలి, చివర టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానాతో) బండి పుస్తకంలో ఉన్న లెక్కకు తేవాలి, యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక ఆపి మళ్లీ చూడాలి. ఈ చివరి మాట చెప్పే షాపు మన దగ్గర వందలో ఒకటి ఉంటుందా?

ఓనరుకు ఫోన్ చేస్తే మొదటి మాట "ఓవర్‌లోడ్ వేసుంటారు అన్నా". నా దగ్గర కాటా చీటీ ఉంది, లిమిట్ లోపలే ఉంది. చూపిస్తానంటే ఫోన్ పెట్టేశాడు. నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. "పొరపాటైంది, ఇకమీదట చూసుకుంటాం" అని ఒక్క మాట అని ఉంటే చాలు.

ఇక టైర్ల సంగతి. కొత్తగా బండి తీసుకున్న తమ్ముళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఎమ్మారెఫ్ మంచిదా, అపోలో మంచిదా, జేకే మంచిదా?" మొదట టైరు పక్కగోడ మీద అచ్చువేసిన అంకెలు చదవండి తమ్ముడూ. నా పాత టైర్ల మీద 146/143 అని ఉండేది. 146 అంటే ఒంటిగా వేస్తే 3,000 కిలోలు, 143 అంటే జతలో వేస్తే ఒక్కోటి 2,725 కిలోలు మోస్తుంది. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది, పది చక్రాల బండి 25 టన్నుల నుంచి 28.5కి పోయింది. వెనక రెండు యాక్సిళ్ల మీద 21 టన్నులు. ఎనిమిదితో భాగించండి: టైరుకు 2,625 కిలోలు. అంటే టైరుకు మిగిలేది వంద కిలోలే! అదీ గాలి పూర్తిగా ఉంటేనే. జతలో లోపలి టైరులో గాలి తగ్గిందంటే దాని బరువు కూడా పక్క టైరే మోయాలి. లిమిట్‌కు నిండా లోడు వేసేవాళ్లు వెనకకు ఇంకా పెద్ద నంబరు టైరే చూసుకోవాలి. రెండు మూడు వేలు మిగులుతాయని ఇక్కడ కక్కుర్తి పడకండి.

తర్వాత రోడ్డు. సిమెంటు లోడుతో హైవే మీద తిరిగే బండికి ముందు చక్రాలకు గీతల టైరు, అదీ రేడియల్ (లోపల స్టీలు తీగలుండే రకం) అయితే వేడి తక్కువ, డీజిలూ కలిసొస్తుంది. తాడిపత్రి, బేతంచర్ల పక్క బండల గనుల్లోకి దిగే బండి కథ వేరు. అక్కడ పలకరాయి అంచు కత్తిలా టైరు పక్కగోడను కోస్తుంది, లోతైన దిమ్మెల టైరు కావాలి. రెండు పనులకూ ఒకే టైరు వేసి "కంపెనీ మోసం చేసింది" అనేవాళ్లను చాలామందిని చూశాను. ఒకే యాక్సిల్ మీద ఒకటి నైలాన్ (లోపల నైలాన్ దారాలుండే పాత రకం), ఒకటి రేడియల్ కలపకండి. జతలో ఒకటి కొత్తది, ఒకటి సగం అరిగింది కూడా వద్దు. ఎత్తున్నదే బరువంతా మోస్తుంది. రీబటన్ టైరు (అరిగినదాని మీద కొత్త రబ్బరు ఎక్కించినది) నేనూ వాడతాను, కేసింగు, అంటే లోపలి కట్టు, మంచిదైతే, వెనక మాత్రమే. ముందు చక్రాలకు ఎవరు చెప్పినా వేయను. ముందు టైరు పేలితే స్టీరింగు పట్టుకునే మనిషి నా మనిషి. చట్టం 1.6 మిల్లీమీటర్ల గ్రిప్పు దాకా ఒప్పుకుంటుంది. నేను ముందు టైర్లను అంతదాకా రానివ్వను.

తయారైన తేదీ కూడా చూడండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు: 3624 అని ఉంటే 2024లో 36వ వారం. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, మంచిదే. అయినా జతకు నలభై వేలకు అటూ ఇటూ పెడుతున్నాం. మూడేళ్లు రేకుల షెడ్డులో ఎండకు ఎండిన టైరును కొత్తదని అంటగడితే ఊరుకుంటామా?

మన ఎండల గురించి ఒక మాట. మే నెలలో కడపలో 43 డిగ్రీలు దాటుతుంది, రోడ్డు ఇంకా కాలుతుంది. "ఎండాకాలం గాలి తగ్గించి పెట్టుకో అన్నా, లేకపోతే పేలుతుంది" అని ప్రతి పంచర్ షాపులో చెబుతారు. ఇది తప్పు, దీనివల్లే టైర్లు పేలుతున్నాయి. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టులో ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. లోపల తీగలకూ రబ్బరుకూ పట్టు విడిపోయేది ఆ వేడికే. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీతో కొలిచి, కంపెనీ చెప్పినంత పెట్టండి. నడిచాక వేడికి ప్రెషర్ పెరుగుతుంది. అది టైరు లెక్కలో ఉన్నదే. దారిలో ఆపి గాలి తీసేయకండి. కర్రతో కొట్టి శబ్దం వినడం మామకు బాగా వచ్చు, అయినా సగం గాలి తగ్గిన లోపలి టైరును ఆ శబ్దం పట్టివ్వదని ఆయనే ఒప్పుకుంటాడు.

ఆ ఏప్రిల్‌లోనే ఇంకో షాపులో చూసింది చెప్పాలి. పదహారేళ్లు కూడా ఉండవు ఆ పిల్లోడికి. ట్యూబు టైరుకు రింగు (టైరు రిమ్ము మీద నుంచి జారకుండా పట్టే ఇనుప వలయం) వేసి, గాలి పైపు పెట్టి, రింగు సరిగ్గా కూర్చోలేదని దాని మీద సుత్తితో కొడుతున్నాడు. లోపల గాలి ఎక్కుతూనే ఉంది! ఆ రింగు ఎగిరితే తల ఉండదు. నేను పరిగెత్తిపోయి పైపు పీకేశాను. ఓనరు "వానికి అలవాటే" అన్నాడు. ఇనుప బోనులో పెట్టి గాలి కొట్టాలి, బోను లేకపోతే కనీసం గొలుసు చుట్టి పక్కకు జరగాలి. ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ) కూడా పాతదే, మడతలు పడి అట్టముక్కలా ఉంది. ఆ మడతే రేపు ట్యూబును కొరుకుతుంది. కొత్తది ఎంతని? కొన్ని వందలు. టైరుకు ఇరవై వేలు పెట్టినవాడు ఆ వందలు ఇవ్వడా? అడగాలి కదా!

గన్నుతో మూడు నిమిషాల్లో అయ్యే పని చేత్తో చేస్తే పావుగంట పడుతుందని ఈ షాపులవాళ్లు అంటారు. ఆ పావుగంటకు డబ్బు తీసుకోండి అయ్యా, ఇస్తాం. బండి వెనకాల వచ్చేది మోటారు సైకిలు మీద పెళ్లాం పిల్లలతో పోయేవాడు. వాడికి మన టైరు షాపు ఏదో తెలియదు.

ఆ మూడు స్టడ్డు ముక్కలు తెచ్చి మా ఇంటి కిటికీలో పెట్టాను. మా ఆవిడ పారేయమంటుంది, నేను పారేయను. ఇప్పుడు ప్రొద్దుటూరు రోడ్డులో ఒక పెద్దాయన దగ్గర వేయిస్తున్నాను. మొన్న చక్రం విప్పితే ముందు వైరు బ్రష్షుతో హబ్బు ముఖం మెరిసేదాకా రుద్దాడు, తర్వాత ఎదురెదురుగా బిగించి, రెంచి క్లిక్కుమన్నాక బిల్లు వెనక బండి కిలోమీటర్లు రాసిచ్చాడు. "ఇంకో యాభై పోయినాక ఆపి, మళ్లీ ఒకసారి పట్టండి సామీ" అన్నాడు మామతో. మామ ముద్దనూరు దాటాక ఆపాడు. పదిలో రెండు నట్లు పావు తిరుగుడు తీసుకున్నాయని ఫోన్ చేసి చెప్పాడు.