అక్క వేసిన పిటిషను

అమెరికా ప్రభుత్వానికి తొందరపాటు లేదన్న సంగతి తెలుగు కుటుంబాలకు తెలిసినంత బాగా బహుశా అమెరికన్లకు కూడా తెలియదు. అక్కడ పౌరసత్వం వచ్చిన అక్క, ఇక్కడున్న తమ్ముడి గ్రీన్‌కార్డు కోసం పిటిషను వేయవచ్చు. ఆ తరగతి పేరు ఎఫ్‌4. 2006లో పిటిషను పడ్డ భారతీయ తమ్ముళ్ల వంతు 2025లో వచ్చింది. దీన్ని జాప్యమని నిందించేవాళ్లతో నేను ఏకీభవించను. ముప్పై ఎనిమిదేళ్లవాణ్ని ఉన్నపళాన తీసుకెళ్లి ఏం చేసుకుంటారు? వాడికి ఉద్యోగం కావాలి, ఇల్లు కావాలి, ఆపైన అభిప్రాయాలు కూడా ఉంటాయి. అదే యాభై ఏడేళ్లవాడైతే మనవలను ఆడిస్తాడు, చలికి గడప దాటడు, ఎవరి ఉద్యోగానికీ పోటీకి రాడు. సరిహద్దులో గోడలు కట్టాలని గొంతు చించుకునేవాళ్లు ఈ కిటుకును ఎందుకు గమనించలేదో అర్థం కాదు.

లెక్కలో దాపరికం లేదు. ఎఫ్‌4 కింద ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలు. తమ్ముడితో పాటు భార్యాపిల్లలు కూడా అందులోనే. పైగా ఏటా పరిమితి ఉన్న తరగతుల వలస వీసాల్లో ఏ దేశానికీ 7 శాతం మించరాదు. భారతదేశానికీ 7 శాతమే, ఐస్‌లాండ్‌కూ 7 శాతమే. సమానత్వమంటే అలా ఉండాలి. 1965లో వలస చట్టం రాసేటప్పుడు ఒహాయో ప్రతినిధి మైఖేల్ ఫీగన్ పట్టుబట్టి నైపుణ్యం కంటే బంధుత్వానికి పెద్దపీట వేయించాడు. అప్పటికి ఆ దేశంలో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్లే కనుక వాళ్ల బంధువులే వస్తారని, దేశం రూపురేఖలు మారవని ఆయన లెక్క. పాపం, ఆయనకు మన బంధుప్రీతి గురించి చెప్పినవాళ్లు లేరు.

ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ వెలువరిస్తుంది. ఫలానా తేదీకి ముందు పిటిషను పడ్డవాళ్ల వంతు వచ్చిందని అందులో ఉంటుంది. మన పంచాంగకర్తలు ఏడాదికొకసారి చేసే పనిని వాళ్లు పన్నెండుసార్లు చేస్తారు. అందులోనూ రెండు పట్టికలు: ఒకటి కాగితాలు పెట్టుకునే తేదీకి, ఇంకొకటి వీసా చేతికిచ్చే తేదీకి. గ్రహాల మాదిరిగానే తేదీలకూ గమనం ఉంది, స్తంభన ఉంది, వక్రగతి ఉంది. 2022లోనూ 2023లోనూ మన ఎఫ్‌4 తేదీ నెలల తరబడి 2005 సెప్టెంబరు 15 దగ్గర కదలకుండా కూర్చుంది. సెప్టెంబరు 16న పిటిషను పడ్డ తమ్ముడి జాతకం ఎలాంటిదో ఊహించుకోండి. శనికైతే తైలాభిషేకం చేయించవచ్చు, బులెటిన్‌కు శాంతి ఏ పురోహితుడూ చెప్పలేదు.

ఈలోగా తమ్ముడు ఊరికే కూర్చోడు, అక్క కూతురి పెళ్లికి వెళ్లాలనుకుంటాడు. పర్యాటక వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: మీ తరఫున ఎవరైనా వలస పిటిషను వేశారా? వేశారని నిజం చెప్తాడు. అయితే మీరు వెళ్తే తిరిగి రారని అనుమానం, వీసా లేదు. శాశ్వతంగా ఉండటానికి ఇంకా వంతు రాలేదు, శాశ్వతంగా ఉండాలనుకుంటున్నాడు కనుక రెండు వారాలకు కూడా రాకూడదు. పెళ్లి వీడియో కాల్‌లో చూశాడు. తలంబ్రాల దగ్గర నెట్ ఆగిపోయింది.

పిల్లల సంగతిలో చట్టం మరీ దయగలది. ఇరవై ఒకటి నిండినా, పెళ్లయినా వాళ్లు తమ్ముడి వెంట వెళ్లలేరు. పంతొమ్మిదేళ్ల నిరీక్షణలో పిల్లలు పెరిగే ప్రమాదం ఉందని గుర్తించి 2002లో ఒక వెసులుబాటు ఇచ్చారు: పిటిషను ఆమోదానికి ఎంత కాలం పట్టిందో అంత కాలాన్ని పిల్లల వయసులోంచి తీసేస్తారు. వంతు వచ్చేనాటికి అమ్మాయికి ఇరవై మూడనుకోండి. ఆమోదానికి నాలుగేళ్లు పట్టి ఉంటే అమ్మాయి వయసు పంతొమ్మిది, విమానం ఎక్కవచ్చు. ఆరు నెలల్లో ఆమోదించి ఉంటే ఇరవై రెండున్నర, ఇంట్లో ఉండాల్సిందే. కాబట్టి చకచకా సంతకం పెట్టిన అధికారి ఆ కుటుంబానికి శత్రువు, ఫైలును దుమ్ములో వదిలేసినవాడు ఇలవేల్పు. ప్రభుత్వ ఉద్యోగుల బద్ధకానికి ఇంతకంటే ఘనమైన గౌరవం మన దేశంలో కూడా ఎవరూ చేయలేదు.

అక్క ఆరోగ్యం గురించి తమ్ముడికి ఉన్నంత ఆత్రుత బావగారికి కూడా ఉండదు. అక్క పోతే పిటిషను కూడా పోతుంది. మానవతా దృష్టితో బతికించమని అర్జీ పెట్టుకోవచ్చు, పిటిషనును మాత్రమే. అందుకే వారం వారం ఫోను చేసి బీపీ ఎంతని అడుగుతాడు. అక్క మురిసిపోతుంది. పైగా వంతు వచ్చేసరికి ఆవిడ పదవీ విరమణ చేసి ఉంటుంది. అప్పుడు తమ్ముడి కుటుంబాన్ని పోషించగలనని, దారిద్ర్య రేఖకు 125 శాతం ఆదాయం చూపిస్తూ ప్రమాణపత్రం ఇవ్వాలి. చాలకపోతే సహ స్పాన్సరుగా అల్లుడిని బతిమాలాలి.

చివరికి డేటు కరెంటయింది, అంటే వంతు వచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లోని వీసా కేంద్రం నుంచి ఈమెయిలు వచ్చింది. పంతొమ్మిదేళ్లు వాళ్లు మౌనంగా ఉండవచ్చు. కబురు వచ్చాక మనం ఏడాది పాటు మౌనంగా ఉంటే ఫైలు మూసేస్తారు. తమ్ముడు 1968లో పుట్టాడు. అప్పట్లో జననాలు నమోదు చేయించే అలవాటు అంతగా లేదు కనుక, నమోదు దొరకలేదని పురపాలక సంఘం రాసివ్వాలి.

"రికార్డు లేదని రాయాలంటే ముందు రికార్డు వెతకాలి కదండీ. ఆ ఏడాది రిజిస్టరు చెదలు తినేసింది" అన్నాడు గుమాస్తా.

"పోనీ, చెదలు తిన్నదనే రాసివ్వండి."

"చెదలు తిన్నట్టు మా దగ్గర రికార్డు లేదండీ."

అది ఎలా వచ్చిందో అడగకండి, వచ్చింది. ఇక పుట్టుక ఎరిగిన పెద్దల అఫిడవిట్లు కావాలి. మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఆవిడను కుర్చీతో సహా నోటరీ దగ్గరికి మోసుకెళ్లారు. పుట్టిన తేదీ అడిగితే శ్రావణ బహుళ విదియ, తెల్లవారుజామున, మంత్రసాని ఆలస్యంగా వచ్చిందని చెప్పింది. పదో తరగతి సర్టిఫికెట్లో జులై 1 అని ఉంది. అది హెడ్మాస్టరు గారు పెట్టిన ముహూర్తం. నోటరీ కాసేపు ఆలోచించి హెడ్మాస్టరు వైపే మొగ్గాడు.

హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో 2023లో ప్రారంభమైన అమెరికా కాన్సులేటు భవనాన్ని చూస్తూ తమ్ముడు ముంబయి రైలెక్కాడు, వలస వీసా ఇంటర్వ్యూలు అక్కడే కనుక. కొడుకు తోడు రాలేదు. వాడు ఎమ్మెస్‌కని ఎప్పుడో అమెరికా వెళ్లి, హెచ్‌1బీ మీద డాలస్‌లో ఉంటూ ఉద్యోగుల వరుసలో తన తేదీ కోసం వేరే పట్టిక చూసుకుంటున్నాడు.

తమ్ముడి భార్యకు మాత్రం ఈ విధానం మీద అపార విశ్వాసం కుదిరింది. దిగిన ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చట. అది రాగానే తెనాలిలో ఉన్న తన తమ్ముడికి ఎఫ్‌4 పిటిషను వేస్తానని మాటిచ్చింది. బావమరిదికి ఇప్పుడు యాభై నాలుగు. తెల్లటి తెర ముందు చెవులు కనిపించేలా ఫొటోలు దిగి, ఇప్పటికే పంపించాడు.