ఓడ కిరాయి చూసి మోసపోకండి

బైకును విదేశానికి ఓడలో పంపడానికి కొటేషన్ అడిగితే ఏజెంట్లు సముద్ర కిరాయి ఒక్కటే చెబుతారు. ఒళ్లు మండేది అక్కడే. అసలు బాదుడు దిగే రేవులో ఉంటుంది: టెర్మినల్ హ్యాండ్లింగ్ (రేవులో సరుకు దించి, ఎత్తే ఖర్చు), కంటైనర్ విప్పి సరుకు వేరుచేసే ఖర్చు, డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల పత్రం), కస్టమ్స్ ఏజెంటు ఫీజు. ఒక్కోసారి ఇవన్నీ కలిపి కిరాయినే మించిపోతాయి. బైకు గోదాములో ఇరుక్కున్నాక బేరమాడే దారేది? ఉచిత గడువు దాటితే నిల్వ ఛార్జీ రోజురోజుకీ పెరుగుతుంది. అందుకే దిగే రేవు ఖర్చులన్నీ ముందే రాతపూర్వకంగా రాబట్టండి.

పెట్టె కొలత ఇంకో తలనొప్పి. విమానంలో పంపితే పెట్టె పరిమాణాన్ని 6000 ఘన సెంటీమీటర్లకు ఒక కిలో చొప్పున లెక్కగట్టి, అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తారు. 230×100×130 సెం.మీ. పెట్టె ఈ లెక్కన దాదాపు 498 కిలోలు! ముందు చక్రం, హ్యాండిల్‌బార్, అద్దాలు, విండ్‌స్క్రీన్ విప్పి 200×80×110 సెం.మీ.కి కుదిస్తే 293 కిలోలే. ఈ ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోతుంది?

పెట్టె చెక్కపై ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారనే అంతర్జాతీయ గుర్తు) లేకపోతే చాలా దేశాలు ఆపేస్తాయి. బ్యాటరీ వైర్లు విప్పి, టెర్మినళ్లకు టేపు చుట్టాలి. పెట్రోలు ఎంత ఉంచాలో ఒక్కో కంపెనీది ఒక్కో మాట.

సుంకం కట్టకుండా బైకును తాత్కాలికంగా పరాయి దేశంలోకి తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పత్రమైన కార్నెట్‌లో ఛాసిస్ నంబరు ఒక్క అక్షరం తేడా వచ్చినా బైకు కదలదు. దేశం దాటేటప్పుడు నిష్క్రమణ ముద్ర వేయించుకోకపోతే ఆ పత్రం కోసం కట్టిన డిపాజిట్టుకే ఎసరు.